జుట్టు రాలడం: మందు కంటే ముందు కారణం



2024 డిసెంబరు, 2025 జనవరి నెలల మధ్య మన రాష్ట్రంలోనే బుల్‌ఢాణా జిల్లా శేగావ్ తాలూకా గ్రామాలలో అనేకమందికి కొద్ది రోజులలోనే జుట్టు కుచ్చులుగా ఊడిపోయింది. నీటి దోషమని కొందరు, శిలీంధ్ర వ్యాధి అని కొందరు భావించారు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు వచ్చి నమూనాలు సేకరించారు. తేలుకాటు చికిత్సతో ప్రసిద్ధులైన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ తమ పరిశీలనలో, బాధితుల రక్తంలోను, వారు తిన్న గోధుమలలోను సెలీనియం అనే మూలకం మితిమీరి ఉన్నదని వెల్లడించారు. కారణం కంచంలో ఉన్నప్పుడు తలకు ఎంత ఖరీదైన తైలం రాసినా ఫలితమేమి?

జుట్టు రాలడం ఒక లక్షణం. దాని వెనుక ఉండే వ్యాధులు అనేకం. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజమే. టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తరువాత, ప్రసవానంతరం, రెండు మూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలవచ్చు. ఇది సాధారణంగా కొన్ని నెలలలో దానంతట అదే సర్దుకుంటుంది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది అపోహ. కత్తి వెంట్రుకను కోస్తుందే గాని కుదురును తాకదు. రాలడం ఆగకపోతే రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నవేమో పరీక్షించవలసి ఉంటుంది.

నాణెమంత మేర నున్నగా జుట్టు ఊడితే దానిని పేనుకొరుకుడు అంటాము. పేరులో పేను ఉన్నా వ్యాధిలో లేదు. శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ళపై దాడి చేయడం దీనికి మూలం. ఇది అంటువ్యాధి కాదు. గురివింద గింజ నూరి రాయడం పాత అలవాటు. ఆ గింజ విషపూరితం, చర్మాన్ని పుండు చేయగలదు. వైద్యులు అవసరాన్ని బట్టి మచ్చలోనికి సూదిమందు ఇస్తారు.

పిల్లల తలపై పొట్టు లేచి, వెంట్రుకలు విరిగి, దురద పెడుతూ ఉంటే అది తల తామర కావచ్చు. ఇది అంటుకుంటుంది, దువ్వెన, తువాలు వేరుగా ఉంచాలి. శిలీంధ్రం కుదురులోనికి చేరుతుంది గనుక పైపూత చాలదు. కొన్ని వారాలపాటు నోటి మందు అవసరం. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన పూతమందులు దురదను అణచి, వ్యాధిని పెంచుతాయి.

పురుషులకు నుదుటి పైభాగాన, నడినెత్తిన, స్త్రీలకు పాపిట వద్ద క్రమంగా పలుచబడడం చాలావరకు వంశపారంపర్యం. మినాక్సిడిల్ పూతకు నాలుగైదు నెలల ఓపిక కావాలి. మానితే లాభం నిలువదు. పురుషులకిచ్చే ఫినాస్టరైడ్ మాత్రను వైద్యుని సలహా లేకుండా వాడరాదు. గర్భిణులు విరిగిన ఆ మాత్రను తాకనైనా తాకరాదు.

మంట, నొప్పి, చీము ఉండి, ఊడిన చోట చర్మం మెరుస్తూ మచ్చ కడుతుంటే మాత్రం ఒక్క వారమైనా జాగు చేయరాదు. మచ్చ కట్టిన చోట కుదురు నశిస్తుంది. అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవదు.

వైద్యునికి చెప్పుకొనడానికి భాష అడ్డు కారాదు. జుట్టు రాలడాన్ని మరాఠీలో 'కేస్ గళణే' అంటారు. చుండ్రు 'కోండా', పేనుకొరుకుడు 'చాయీ', తామర 'గజకర్ణ'. ఎప్పుడు మొదలైనది, అంతకు మూడు నెలల ముందు ఏ జ్వరం వచ్చినది, ఏ మందులు వాడుతున్నది, ఇంట్లో మరెవరికైనా ఉన్నదా అనే నాలుగు సంగతులు కాగితంపై రాసుకొని వెళ్ళాలి. వాడిన పూతమందు గొట్టాన్ని కూడా వెంట తీసుకొనిపోవాలి.

విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల వైద్యులను సంప్రదించవచ్చు. నూనె సీసాలపై నెలనెలా పోసే డబ్బు కంటే, సకాలంలో చేయించుకునే ఒక్క పరీక్ష ఎక్కువ మేలు చేస్తుంది. ఒకే ఇంట్లో గాని, ఒకే వీధిలో గాని పలువురికి ఒక్కసారిగా జుట్టు రాలితే సిగ్గుపడి దాచక, వెంటనే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి.