ఉచితము కూలి యగునా?



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న ప్రశ్న చిన్నది. ఒకడు మనకొక పని చేసిపెట్టెను. మనము వానికి రూక లీయక, మన యంగడిలోని వస్తువునే యొకదానిని ఉచితముగా నిచ్చితిమి. ఋణము తీరినదా? వస్తువును బట్టియు, పనిని బట్టియు నుండునని మీరనవచ్చును. కాని యీ ప్రశ్న నాకు కంప్యూటరుల విషయమున నెదురైనది. అచ్చట వస్తువును కంటికి గనబడదు, పనియు కంటికి గనబడదు. అందుచే కొంత విచారింపవలసి వచ్చినది.

మా శిరివెళ్లలో నాయొద్ద చదువుకొన్న యొకడు ఎరువుల యంగడి నడుపుచున్నాడు. రైతుల అరువుపద్దు లన్నియు కంప్యూటరులోనే యుంచుకొనును. గత సంవత్సరము శనగ విత్తు దినములలో ఒక సంస్థవారు, తమ క్రొత్త యాంటీవైరసును అమ్మకమునకు విడువకముందు పరీక్షించి చూచుటకు స్వచ్ఛందముగా ముందుకు వచ్చువారు కావలెనని కోరిరి. వీడు ఉత్సాహముతో నొప్పుకొనెను. యాంటీవైరసనగా కంప్యూటరునకు కావలి. గ్రామములో తలారి క్రొత్తవానిని నిలిపి యెవరవని యడిగినట్లు, అది లోనికి వచ్చు ప్రతి ఫైలును పరికించి, దొంగ యని తోచినదానిని బంధించును. ఆ క్రొత్త కావలి మూడవనాడు మావాని పద్దుల ఫైలునే దొంగ యని బంధించెను. రైతులు ఎరువులకై వచ్చి నిలిచియుండగా, ఎవరి పాతబాకీ యెంతయో చెప్పుటకు దారిలేకపోయెను. వాడు మూడు రాత్రులు మేలుకొని, రసీదులను బట్టి పద్దులన్నియు తిరిగి వ్రాసికొనెను. అంతటితో నూరకుండక, లోప మెట్లు కలిగినదియు, ఏ వేళ కలిగినదియు వివరముగా సంస్థకు వ్రాసి పంపెను. వారు కృతజ్ఞతలు తెలిపి, ఆ యాంటీవైరసునే యొక సంవత్సరము ఉచితముగా వాడుకొమ్మనిరి. వాడు నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, ఇది న్యాయమేనా?" అని యడిగినాడు. ఆనాడు నేను జవాబు చెప్పలేకపోతిని. నేడు చెప్ప యత్నింతును.

మొదట ఆ పని విలువ యెట్టిదో చూతము. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ తన రక్షణ సాఫ్టువేరునకు చిన్న మార్పు నొకదానిని లోకమంతటికి నొక్కమారుగా పంపెను. 21 అంశములు రావలెనని యెదురుచూచు చోట 20 మాత్రమే వచ్చుచుండెనని ఆ సంస్థయే పిమ్మట వెల్లడించినది. 21 గడుల చిట్టాలో నొక గడి తక్కువైనట్లని తలచుకొనుడు. ఆ కొరతచే, మైక్రోసాఫ్టువారి యంచనా ప్రకారము, 85 లక్షల కంప్యూటరులు స్తంభించినవి. పెక్కుదేశములలో విమానములు నిలిచినవి, ఆసుపత్రుల పనులు కుంటుపడినవి. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన చీటీల నిచ్చి విమాన మెక్కించిరి. కావలివాడే యింటికి గొళ్లెము పెట్టి యజమానిని వీధిలో నిలిపెను. ఇకమీదట మార్పులను అంచెలంచెలుగా పంపుదుమని ఆ సంస్థ ప్రకటించినది. ఒక లోపమును ముందుగా కనుగొని చెప్పువాడు చేయు పని యెంతటిదో దీనివలన తెలియును.

అదే సమయమున, ఆ యాపదలో సాయపడిన తోడివారికిని, భాగస్వాములకును క్రౌడ్‌స్ట్రైక్‌వారు 10 డాలర్ల ఆహారపు కూపనులను పంపిరి. ఒక్కమారుగా పలువురు వాడబోవుటచే అది మోసమేమో యని శంకించి ఊబరు సంస్థ వానిని నిలిపివేసెను. ఇచ్చిన కొంచెమును చేతికందక నవ్వులపాలయ్యెను.

ఇక పూర్వపక్షమును వినుట న్యాయము. సంస్థలవా రిట్లందురు: "మేమెవరిని బలవంతపెట్టలేదు. ఉచితమే యని ముందే చెప్పితిమి. అందరికంటె ముందుగా క్రొత్తదానిని చూచు ముచ్చటయు, నేర్చుకొను విద్యయు వారికి దక్కినవి. ధనమిత్తు మన్నచో, లోపము లేనిచోట లోపము కల్పించి చెప్పువారు బయలుదేరుదురు." ఈ మాటలలో సత్యము లేకపోలేదు. ఒప్పుకొని చేసిన పనికి, ఒప్పందమునకు మించి యడుగుట ధర్మము గాదు. కాని పరీక్షించెదనని యొప్పుకొన్నవాడు తన పద్దులు చెడిపోవుటకు గూడ నొప్పుకొన్నాడా?

దీనికి నేను చెప్పు సమాధానము మన చెరువుకట్ట మీదనే యున్నది. పూర్వము కుడిమరామతు అను నాచారముండెను. చెరువు పూడిక తీయుటకు ఆయకట్టు రైతులే వచ్చి పనిచేసెడివారు. ఎవరును కూలి యడుగలేదు. ఏలయన నీరు అందరి మడులకు పారును. చెరువొకని సొత్తై, వాడు నీటిని వెలకమ్ముకొనువాడైనచో, పూడిక తీసినవానికి "ఒక్క యేడు నీ మడికి నీరు ఊరక యిత్తు" ననుట చాలునా? పని యదియే; చెరువెవరిదో యన్నదే భేదము.

సాఫ్టువేరులోను ఈ రెండు విధముల చెరువులున్నవి. లినక్సు మొదలైనవి ఊరి చెరువులవంటివి. ఎవరైనను వాడుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, బాగుచేయవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో కంప్యూటరు నడచునట్లు చేసిన కృషి యీ కోవకు చెందినది. అట్టిచోట పరీక్షించువాడు కూలి యడుగకపోవుట సహజము. ఫలము తనకును, తనవారికిని శాశ్వతముగా దక్కుచున్నది. కాని వెలకమ్మెడి యాంటీవైరసు ఒకని చెరువు. దానికి మరియొక ప్రతి తీసి యిచ్చుటకు ఆ సంస్థకగు వ్యయము స్వల్పము. సంవత్సరము గడచినపిదప వెల చెల్లింపుమని యదియే యడుగును. అప్పుడా యుచితము బహుమానము గాక, బేరమునకు వేసిన యెర యగును.

ఉచితముగా నిచ్చినదెల్ల అన్యాయమని నా యభిప్రాయము గాదు. మన నంద్యాలలో 1906వ సంవత్సరమున నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానమును మీరెరుగుదురు. యంత్రముతో కోయదగిన ఎన్‌బీఈజీ-47 శనగ వంగడము వచ్చినది అచ్చటినుండియే. క్రొత్త వంగడములను విడుదల చేయకముందు మినీకిట్లనెడి చిన్నసంచులలో విత్తనమును రైతులకిచ్చి చూచు పద్ధతి మన రాష్ట్రమున నున్నది. విత్తనము ఉచితము, పంట రైతుది. అయినను ఇది న్యాయమే. చేనంతయు గాక కొద్దిపాటి నేలలోనే క్రొత్తది చల్లుదురు. ప్రక్కనే పాతది యుండును. క్రొత్తది చెడినను రైతు కొంప మునుగదు. మంచిదైనచో రైతులోకమున కంతకు నుపయోగపడును. నా శిష్యుడో, చేనంతయు క్రొత్త విత్తనమే చల్లినాడు. పద్దులకు వేరొక ప్రతి యుంచుకొనకపోవుట వాని తప్పు. అట్లుంచుకొమ్మని గట్టిగా హెచ్చరింపకపోవుట సంస్థవారి తప్పు.

మన పెద్దలు కూలి వేరు, సంభావన వేరని యెరిగినవారు. కూలికి కొలత శ్రమ. సంభావనకు కొలత గౌరవము. డోనాల్డ్ కనూత్ అను అమెరికా పండితుడు తన గ్రంథములలో తప్పు చూపినవారికి చిరకాలము 2.56 డాలర్ల చెక్కును సంతకము చేసి పంపెడివాడు. అది స్వల్పధనము. కాని దానిని మార్చుకొనక, పటము కట్టించి గోడకు తగిలించుకొన్నవా రనేకులు. అది సంభావన. 2013లో యాహూ సంస్థ భద్రతాలోపములు చూపిన పరిశోధకులకు, లోపమొక్కంటికి 12.50 డాలర్ల చీటీ యిచ్చెను. అదియు తమ యంగడిలోనే చొక్కాలు, కలములు కొనుటకు. లోకము నవ్వినది. ఆ సంవత్సరమే వారు 150 మొదలు 15,000 డాలర్ల వరకు ధనమిచ్చు నియమమును ప్రకటించిరి. మన కేంద్రప్రభుత్వమును 2020 మే నెలలో ఆరోగ్యసేతు సాఫ్టువేరును బయటపెట్టి, లోపములు చూపినవారికి లక్షరూపాయల చొప్పున బహుమానములు ప్రకటించినది. ధనమిచ్చినచో వ్యవస్థ చెడునన్న వాదము దీనితో బలహీనపడుచున్నది.

పిలువక వచ్చిన పరీక్షకుని గతి వేరు. హైదరాబాదు వాస్తవ్యులగు హరిప్రసాదుగారు 2010లో విదేశ విద్వాంసులతో గూడి, ఓటు యంత్రమునొకదానిని పరిశీలించి లోపములున్నవని ప్రకటించిరి. ఎన్నికల సంఘమువారు తమ యంత్రములు సురక్షితములనిరి. యంత్రమెచ్చట లభించినదన్న విషయమై ఆ ఆగస్టులో ఆయనను అరెస్టుచేసి, పిదప బెయిలుపై విడిచిరి. అదే సంవత్సరము అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌వారు ఆయనకు పురస్కారమిచ్చిరి. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఓటు పడినట్లు కాగితపు చీటీ కనబడుట యవసరమని వేరొక వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ వివాదమును తీర్చుట నా పని గాదు. లోపము చెప్పువానికి ధనముకంటె ముందు కావలసినది, వాని మాటను వినెడి చెవి యని మాత్రము చెప్పదలచితిని.

ఇక సిద్ధాంతము. పరీక్ష స్వల్పమై, నష్టభయము లేక, సరదాకు చేసినదైనచో ఉచిత సాఫ్టువేరు చాలును. అది తాంబూలమువంటిది, ఆదరముతో నిచ్చిన స్వీకరింపవలయును. కాని వాని కాలము వ్యయమై, వాని సొత్తునకు నష్టము కలిగి, వాడు చూపిన లోపమువలన సంస్థకు మేలు కలిగినచో, ఉచితము చాలదు. నష్టమును పూరింపవలయును, తగిన ధనమీయవలయును, లోపము కనుగొన్నవాని పేరు చెప్పవలయును. భోజనము పెట్టక తాంబూలము మాత్రమిచ్చి పంపుట మన యిండ్లలో మర్యాద గాదు.

మీ యిండ్లలోను ఇట్టి పరీక్షలకు పూనుకొను మనుమలుందురు. వారిని వలదనకుడు, అది మంచిపని. కాని మూడు మాటలు చెప్పుడు. పద్దులున్న కంప్యూటరుపై పరీక్ష చేయరాదు. పని చేయకముందే ప్రతిఫలమేమో వ్రాతమూలకముగా నడుగవలయును. ఆ చెరువెవరిదో తెలిసికొనవలయును.

నా శిష్యునికి ఈ మాటలే చెప్పితిని. "నీకు రావలసినది రాలేదు, నీవు చేసినది మాత్రము వృథా గాదు" అంటిని. వాడు ఒక పాత కంప్యూటరును బాగుచేయించి అంగడి వెనుక గదిలో నుంచినాడు. మరల పరీక్షకు పిలుపు వచ్చినదట. ఈ మారు ముందుగా నొక జాబు వ్రాసి, జవాబునకై యెదురుచూచుచున్నాడు.