కంపెనీ లేని పాట



ఈ కుల్కచర్ల సభలో గద్దర్ స్మారకంగా మాట్లాడమన్నారు. ఆయన రాజకీయాల గురించి చాలామంది చెప్పారు, ఇంకా చెబుతారు. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. సినిమా మీద ఆధారపడకుండా, రికార్డుల కంపెనీ గడప తొక్కకుండా మన పాటగాళ్లు జనంలోకి ఎట్లా పోయారు, పోయిన పాట మీద వాళ్లకు ఏం మిగిలింది అన్నదే నా విషయం.

ముందు ఆ కంపెనీల సంగతి చూద్దాం. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ తర్వాత తెలుగు నాటక పద్యాలు ప్లేట్లకెక్కాయి. తంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతి లలిత గీతాలు పాడారు. కరుణశ్రీ రాసిన పుష్పవిలాపాన్ని ఘంటసాల ఊరూరా వినిపించారు. వీటిని ప్రైవేటు పాటలు అనేవాళ్లు. సినిమావి కావు కనుక ఆ పేరు. కానీ ప్లేటు కంపెనీదే, ధర కంపెనీదే, ఎవరి గొంతు అచ్చుకెక్కాలో తేల్చేదీ కంపెనీయే. కిన్నెర వాయించుకుంటూ ఊర్లు తిరిగే కళాకారుణ్ణి, ఒగ్గు చెప్పే బీరన్న భక్తుణ్ణి, బతుకమ్మ చుట్టూ తిరిగే తల్లిని ఆ స్టూడియో ఎప్పుడో గాని పిలవలేదు.

తూప్రాన్‌లో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, అంటే మన గద్దర్, ఆ స్టూడియో తలుపు దగ్గర నిలబడి బతిమాలలేదు. 1972లో ఆయన పాటల బృందం జననాట్యమండలి మొదలైంది. గొంగడి, గోచి, చేతిలో కర్ర, పక్కన డప్పు. 1975లో బ్యాంకు ఉద్యోగంలో చేరి, 1984లో దాన్ని వదిలేశారు. పాట కోసం నెల జీతం వదులుకోవడం ఎంత పెద్ద పనో ఈ సభలో ఇల్లు నడుపుతున్న ప్రతి మనిషికీ తెలుసు. చిన్న చిన్న పాటల పుస్తకాలు సభల దగ్గరే అమ్ముడయ్యేవి. తర్వాత క్యాసెట్ వచ్చింది. క్యాసెట్ చేసిన మేలు నా లెక్కలో చాలా పెద్దది. ప్లేటు చేయాలంటే కార్ఖానా కావాలి. క్యాసెట్‌కు రెండు టేప్ రికార్డర్లు చాలు. గల్ఫ్ పోయినవాళ్లు తెచ్చిన టేప్ రికార్డర్ చావడిలో పెడితే ఊరంతా వినేది. పోలీసులకు భయపడి బియ్యం గుమ్మిలో దాచిన క్యాసెట్లూ ఉన్నాయి.

ఇంచుమించు ఆ కాలంలోనే ఇంగ్లండ్‌లో ఇలాంటి పని ఇంకో తీరుగా జరిగింది. బజ్‌కాక్స్ అనే మాంచెస్టర్ కుర్రాళ్ల బృందం తెలిసినవాళ్ల దగ్గర సుమారు 500 పౌండ్లు అప్పు చేసి, 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డును సొంతంగా వేసుకుంది. మొదట వేసిన వెయ్యి కాపీలూ అమ్ముడుపోయాయి. లండన్‌లో 1976లో తెరిచిన రఫ్ ట్రేడ్ అనే దుకాణం అలాంటి రికార్డులు అమ్మి పెట్టింది, తర్వాత తానే రికార్డులు వేసింది. అక్కడి స్వతంత్ర గాయకుల్లో కొందరు కొత్త ఆల్బం గురించి మాట్లాడేటప్పుడు రాగం గురించే కాదు, మాస్టర్ రికార్డింగు, అంటే అసలు రికార్డింగు, ఎవరి పేరున ఉందో కూడా చెబుతారు. మన దగ్గర ఈ రెండో మాట వినబడదు.   

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'మా భూమి' సినిమాలో గద్దర్ తెర మీద నిలబడి 'బండెనక బండి గట్టి' పాడారు. ఆ పాట గద్దర్‌దే అనుకునేవాళ్లు ఇప్పటికీ వేలమంది. రాసినవాడు తెలంగాణ సాయుధ పోరాట కాలపు మనిషి బండి యాదగిరి. 'ఊరు మనదిరా' ఎవరిదని అడగండి, గూడ అంజయ్య పేరు చెప్పేవాళ్లు ఎంతమంది? తెలంగాణ ఉద్యమంలో ఆ పాట మోగని సభ లేదు. పాట పేరుతో సభ నిండింది, పాటగాడి పేరు మాత్రం సభ బయటే ఉండిపోయింది. గద్దర్ ఉద్దేశపూర్వకంగా దొంగిలించారని నేను అనడం లేదు.  ఉద్యమంలో పాట అందరిదీ అనే మాట గొప్పదే. కానీ పాట అందరిదైనప్పుడు పాటగాడి ఆకలి ఒక్కడిదే ఎందుకు కావాలి?

నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యను చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్పే పాలమూరు గొంతు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తూ వార్తల్లో కనబడ్డారు. పురస్కారం ఇచ్చిన దేశం, సినిమాలో గొంతు వాడుకున్న పరిశ్రమ, ఫోన్లలో చూసి మెచ్చుకున్న మనం, అందరం ఈ లెక్కలో ఉన్నాం.

ఇవాళ క్యాసెట్ స్థానంలో యూట్యూబ్ వచ్చింది. ఒక ఫోను, ఒక మైకు, పొలం గట్టు చాలు. గాయని మంగ్లీ లాంటివాళ్ల ఊరి పాటలు ఆ దారిలోనూ జనంలోకి వెళ్లాయి. దారి మంచిదే. కానీ ఛానెల్ ఒకరిది, గొంతు ఇంకొకరిది అయినప్పుడు ఒక్కసారి చేతిలో పెట్టిన డబ్బుతో గొంతు లెక్క ముగిసిపోతుంది. పాట మీద ప్రకటనల ఆదాయం మాత్రం ఏళ్ల తరబడి ఛానెల్‌కు వస్తూనే ఉంటుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో సమాన వాటా చెప్పింది. ఆ హక్కును వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే 2023 ఆగస్టు 6న కన్నుమూసిన గద్దర్ పాటల మీద 2083 దాకా ఆయన కుటుంబానికి హక్కు ఉంది. చట్టం ఉంది, అడిగే అలవాటు లేదు.

కాబట్టి కుల్కచర్ల యువకులకు నాదొక విన్నపం. మీ ఊర్లో, మీ తండాలో, పాంబండ గుట్ట చుట్టుపక్కల పాడేవాళ్లెవరో ఒక నోటుబుక్కులో రాయండి. ఏ పాట ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఏడు పాడారు, అన్నీ రాయండి. లంబాడీ పాటలను లంబాడీలోనే రాయండి. వీడియో పెట్టేటప్పుడు కింద మొదటి వరుసలో రాసినవారి పేరు, తర్వాత పాడినవారి పేరు పెట్టండి. డబ్బు పుచ్చుకునే ముందు కాగితం చదివి సంతకం చేయండి. చదవడం రాకపోతే చదివినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ పని రేపే మొదలుపెట్టండి.