ఏం పని చేస్తావమ్మా?

(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సోషియాలజీ, సామాజిక విధానం చదివితే ఏమొస్తుందని అమ్మాయిల్ని ఇంట్లో అడుగుతారు. మీరు ఇంకోలా అడుగుతారు: మేం రోజూ చూసేదాన్ని నాలుగ్గోడల మధ్య చదవడమెందుకని. ఎమ్మే తరగతిలో నేను చెప్పే ఒక పాఠంతోనే జవాబు చెబుతాను.

జనాభా లెక్కల్లో 'పనిచేసేవాళ్లు' అంటే ఎవరు? 1981 నుంచి ఏడాదిలో 183 రోజులు పనిచేస్తే ప్రధాన శ్రామికులు, తగ్గితే ఉపాంత శ్రామికులు. వంట, నీళ్లు మోయడం, ముసలివాళ్లను చూసుకోవడం అసలు పనే కాదు. స్త్రీల అధ్యయనాల వాళ్లూ, సంఘాలూ ఒత్తిడి చేశాక, సొంత పొలంలో జీతం లేకుండా చేసే పనిని కూడా 1991లో ప్రశ్నలోనే చేర్చారు. అయినా అడిగితే వచ్చే జవాబు, "ఏం పనుందమ్మా, ఇంట్లోనే." అదీ చాలాసార్లు గుమ్మంలో నిలబడ్డ మొగుడు చెప్పే జవాబు.

లెక్కలోకి రాని మనిషి పథకంలోకీ రాదు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారులకే ఇచ్చారు. కౌలుకు తీసుకుని చేసే ఆడమనిషికి పట్టా లేదు, కాబట్టి ఆమె రైతు కాదు!

2019 కాల వినియోగ సర్వే చూడండి. ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేశారు, మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకున్న మగవాళ్లే నూటికి 26 మంది. మీకు ఇదేం కొత్త సంగతి కాదు. కానీ కలెక్టరు ముందు మీరు చెబితే ఫిర్యాదు, ఈ అంకె చెబితే సమాచారం. ఈ తేడా నాకూ నచ్చదు. అయినా వాడుకోవాలి. స్త్రీల స్థితిగతులపై 1974లో వచ్చిన కమిటీ నివేదిక చేసిందదే. వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు 1901లో 972 మంది ఉంటే 1971 నాటికి 930కి పడిపోయారని అది చూపించాక, ఆ మాటను కొట్టిపారేయడం కష్టమైంది.

యూనివర్సిటీని వెనకేసుకు రావడం లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు నోట్సు బట్టీపట్టి 'కుటుంబం - విధులు' రాస్తారు. ఆ విధులన్నీ చేస్తున్నదెవరో ప్రశ్నపత్రం అడగదు.

ఈ వేసవిలో మా విద్యార్థులు మీ ఊళ్లకు సర్వేకు వస్తున్నారు. అచ్చు వేయకముందే ఆ ఫారం మీరు చూడాలి. 'ఏం పని చేస్తావు' అన్నది తీసేసి 'నిన్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావు' అని పెట్టాం. మగవాళ్లు పక్కన లేకుండా ఏ వేళకు వెళ్లి అడగాలో మాత్రం మీరే చెప్పాలి.