పొగకు వెరచి పొయ్యి వెలిగించనివాడు



ఈ సాయంకాలం మీ ముందు ఒక చిన్న విషయం మనవి చేయదలచాను. భగవంతునిపై నాలుగు పద్యాలు వ్రాయాలనో, ఒక కీర్తన కూర్చాలనో, తమ ఊరి దేవాలయ చరిత్రను తెలిసినంతవరకు అక్షరబద్ధం చేయాలనో మనలో అనేకులకు కోరిక ఉంటుంది. అయినా వ్రాయరు. ఎందుకని అడిగితే, “ఛందస్సు ఇంకా పూర్తిగా పట్టుబడలేదండీ” అంటారు. “చేస్తే లోపం లేకుండా చేయాలి, లేకుంటే చేయకూడదు” అంటారు. వినటానికి ఇది వినయం వలెనే తోస్తుంది. నిజంగా ఇది వినయమేనా? విచారించి చూద్దాం.

మా తండ్రిగారి సంగతి చెబుతాను. ఆయన మా ఊరి వేణుగోపాలస్వామిపై శతకం వ్రాయాలని సంకల్పించారు. గట్టి అట్ట గల పుస్తకం కొని, అంచులకు పసుపు రాసి, మొదటి పుటపై “శ్రీరామ” అని వ్రాశారు. తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని ఒక పాదం వ్రాసేవారు. మరునాడు అది నచ్చక ఆ కాగితం చించివేసేవారు. “ఇది స్వామికి తగినది కాదురా” అనేవారు. ఇట్లా ఇరవై ఏళ్లు గడిచాయి. ఆయన పరమపదించిన తరువాత పుస్తకం తెరచి చూస్తే మిగిలినది ఒక్క పద్యం. అదీ మూడు పాదాలే. వాటిపైన కూడా కలంతో ఒక గీత! గీత క్రింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. చదివి నేను కంటతడి పెట్టాను. అవి అంత చక్కని పాదాలు. తక్కిన శతకమంతా ఆయనతోనే వెళ్లిపోయింది. స్వామి వద్దనలేదు, ఊరివారు వద్దనలేదు. ఆయనలోనే కూర్చున్న పరీక్షకుడు వద్దన్నాడు.

గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయం 48వ శ్లోకంలో అర్జునునికి ఈ సంగతే బోధించాడు. తనకు సహజమైన కర్మలో దోషమున్నా దానిని విడువరాదనీ, నిప్పును పొగ కమ్మినట్లు ఆరంభాలన్నింటినీ ఏదో ఒక దోషం కమ్మియే ఉంటుందనీ ఆ శ్లోకానికి తాత్పర్యం. అన్నీ అని చెప్పాడే కాని, చేతకానివారి ఆరంభాలని మాత్రం చెప్పలేదు! తడి కట్టెలతో పొయ్యి వెలిగించిన తల్లులకు ఈ ఉపమానం విప్పి చెప్పనక్కరలేదు. మొదట పొగ వస్తుంది, కళ్లు మండుతాయి, ఊదగా ఊదగా మంట లేస్తుంది. పొగ లేకుండా రాజుకుంటేనే వెలిగిస్తానని భీష్మించుకుంటే ఆ పూట స్వామికి నైవేద్యమే ఉండదు కదా!

మన భాషలో మహాకావ్యం ఎట్లా ఆరంభమైనదో స్మరించండి. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు భారతాన్ని తెనిగించమని నన్నయభట్టారకుని కోరాడు. నన్నయ ఏమన్నాడు? ఆకాశంలోని చుక్కలను లెక్కించటం, భారతమనే సముద్రాన్ని ఈది దరిచేరటం బ్రహ్మకైనా సాధ్యమా అని సంశయించాడు. అంతటితో ఆగిపోయి ఉంటే ఆ కావ్యం మనకు దక్కేదా? అయినప్పటికీ మీ అనుమతితో, విద్వాంసుల అనుగ్రహంతో, నాకు వచ్చినంతలో రచిస్తానని ఆయన విన్నవించుకున్నాడు. వచ్చినంతలో! ఇదీ వినయమంటే. పని మానటం కాదు. సహాయం స్వీకరించటానికీ ఆయన సిగ్గుపడలేదు. భారతయుద్ధంలో అర్జునునికి నారాయణుడు తోడైనట్లు నారాయణభట్టు తనకు తోడైనాడని గ్రంథంలోనే చెప్పుకున్నాడు.

మరి ఆయన పూర్తి చేయగలిగాడా? లేదు. ఆది, సభా పర్వాలు ముగించి, అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం నడుమ ఆగిపోయాడు. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రచించాడు. 14వ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ అరణ్యపర్వశేషాన్ని పూరించాడు. పూరించి తన పేరు ముందుకు తెచ్చుకోలేదు. నన్నయయే వ్రాసినట్లుగా, రాజరాజనరేంద్రునికే అంకితంగా ముగించాడు. దాదాపు మూడు శతాబ్దాల పని! ఆరంభించటం మన వంతు. ముగింపు ఎవరి చేత జరిపించుకోవాలో భగవంతుడు చూసుకుంటాడు.

అసంపూర్ణమైనదాన్ని స్వామికి అర్పించవచ్చునా అని మీకు సందేహం కలుగవచ్చు. పూరీ క్షేత్రాన్ని తలచుకోండి. ఇంద్రద్యుమ్న మహారాజు గడువుకు ముందే తలుపు తెరిపించగా, లోపల విగ్రహాలు చెక్కుతున్న వృద్ధశిల్పి అదృశ్యుడైనాడనీ, మూర్తులు చేతులూ పాదాలూ పూర్తికాకుండానే నిలిచిపోయాయనీ ఐతిహ్యం. ఆ రూపాన్నే కదా ఆషాఢంలో లక్షలాది జనం రథంపై దర్శించి తరిస్తున్నారు! మన కంటికి అసంపూర్ణమైన రూపంలోనే జగన్నాథుడు పూర్ణుడై నిలిచి ఉన్నాడు.

అట్లాగని అశ్రద్ధగా చేయమని నా భావం కాదు. శ్రద్ధ వేరు, భయం వేరు. శ్రద్ధ కలవాడు వ్రాసి దిద్దుతాడు. భయపడేవాడు వ్రాయకముందే దిద్దుతాడు. కాగితం మీద లేని తప్పును ఏ గురువు మాత్రం సవరించగలడు? “నా చేతినుండి లోపమున్నది రాకూడదు” అన్న పట్టుదలలో స్వామి ఎక్కడ ఉన్నాడు? అందులో ఉన్నది “నా” అన్న మాటే. వినయం వేషం వేసుకుని వచ్చిన అహంకారమది.

కనుక రేపటి ఉదయం సంధ్యావందనమో, దీపారాధనో కాగానే ఒక చిన్న పని చేయండి. కొత్త పుస్తకం కోసం చూడవద్దు. ఇంట్లో ఉన్న కాగితం చాలు. ఒక పుట వ్రాయండి. వ్రాసినది ఆ రోజు కొట్టివేయనని నియమం పెట్టుకోండి. వారం గడిచాక తెలిసిన పెద్దలకు చూపి దిద్దించుకోండి. పాడేవారైనా, ముగ్గు వేసేవారైనా, మట్టితో బొమ్మ చేసేవారైనా ఇదే నియమం.

చివరగా ఒక్క మాట. మా తండ్రిగారి పుస్తకంలో ఆ నాలుగవ పాదం ఖాళీగా ఉండిపోయింది కదా! చాలా కాలం దాన్ని ముట్టుకోవటానికి నేనూ జంకాను. ఒక శ్రీరామనవమి నాడు ధైర్యం చేసి పూరించాను. యతి కుదిరింది. భావం మాత్రం ఆయన మూడు పాదాల ఎత్తుకు రాలేదు. అయినా కొట్టివేయలేదు. స్వామి సన్నిధిలో పద్యం మొత్తం చదివి, పుస్తకం పాదాల చెంత ఉంచి వచ్చాను. అర్చకస్వామి దానిపై ఒక తులసిదళం వేసి నాకు తిరిగి ఇచ్చారు. రెండవ పద్యం ఆ రాత్రే మొదలుపెట్టాను.

మీరు కూడా మొదలుపెట్టండి. పొగను చూసి వెనుదీయకండి. వెనుకనే అగ్ని ఉన్నది.

స్వస్తి.