టేపు ఎక్కడి నుంచి పట్టాలి?

(సాక్చిలో తెలుగు ఉద్యోగుల కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిజానికి నన్ను మాట్లాడమన్నది కుటుంబ బడ్జెట్ గురించి. కాగితం కూడా రాసుకొచ్చాను, జేబులో ఉంది. కాని ఇందాక టిఫిన్ల దగ్గర మన మిత్రుడొకరి శ్రీమతి ప్లేటు చేత్తో పట్టుకునే నన్ను ఆపారు. "అన్నయ్యగారూ, మీరు లోన్ల సెక్షన్లో ఉన్నారు కదా. మా వీధి మలుపులో ఖాళీ స్థలం ఉంది. అక్కడ పెట్రోల్ బంకు వస్తుందని అనుకుంటున్నారు. పక్కనే చిన్నపిల్లల బడి. మావారేమో బంకొస్తే ఇంటి ధర పెరుగుతుందంటారు. నాకేమో నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?" అని అడిగారు.

నేను జవాబు చెప్పేలోపే చుట్టూ పదిమంది చేరారు. సగం మంది బంకు కావాలన్నారు, సగం మంది వద్దన్నారు. ఒకాయన దాన్ని పంపు అనాలా బంకు అనాలా అనే మరో వాదం లేవదీశారు. ఇక్కడ పుట్టిపెరిగిన మన పిల్లలు పంపు అంటారు, మనకు మాత్రం చచ్చేదాకా బంకే. ఇడ్లీలు చల్లారిపోయాయి. అందుకని బడ్జెట్ సంగతి వచ్చేసారికి వాయిదా వేసి, ఆ చెల్లెమ్మ ప్రశ్నకే జవాబు చెప్తాను. ఈ గొడవలో నేను ఒకప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. ఒక పొరపాటు కూడా చేశాను.

ఇక్కడికి బదిలీ కాకముందు ఉత్తరాంధ్రలో ఒక ఊళ్లో పనిచేశాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ఖాతాదారు గుట్టు మన ఉద్యోగ ధర్మం. 2018 నవంబరులో ప్రభుత్వ రంగ చమురు సంస్థలు దేశమంతటా 50 వేలకు పైగా చోట్ల కొత్త డీలర్లు కావాలని ప్రకటన ఇచ్చాయి, గుర్తుందా? ఆ ఊళ్లో సైన్యం నుంచి రిటైరైన సుబేదారు ఒకాయన దరఖాస్తు పెట్టారు. లాటరీలో ఆయన పేరు వచ్చింది. బావమరిది స్థలం లీజుకు తీసుకున్నారు. రిటైర్మెంటు డబ్బు పెట్టి, మిగతాది మా బ్రాంచిని అడిగారు.

బంకు లోను చూసేటప్పుడు బ్యాంకువాడు మొదట చూసేది ఆ చోట రోజుకు ఎన్ని లీటర్లు అమ్ముడవుతుందనే. డీలరుకు లీటరు మీద మిగిలేది కొద్ది రూపాయలు. ట్యాంకరు లోడుకు డబ్బు ముందే కట్టాలి. అంటే అమ్మకం బాగా ఉండాలి. అమ్మకం ఉండాలంటే నాలుగు దారులు కలిసే చోటు కావాలి, బండ్లు నెమ్మదిగా వెళ్లే మలుపు కావాలి. అలాంటి చోట ఇంకేం ఉంటాయి? బడి ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, ఇళ్లుంటాయి. వ్యాపారానికి ఏది మంచి చోటో, గొడవకూ అదే మంచి చోటు. ఎంబీఏలో రెండేళ్లు చదివినా ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకుల గురించి నియమాలు ఇచ్చింది. బడికి, పది పడకలకు తగ్గని ఆసుపత్రికి, నివాస ప్రాంతానికి 50 మీటర్ల లోపు కొత్త బంకు రాకూడదు. స్థలం ఇబ్బంది ఉంటే అదనపు భద్రత ఏర్పాట్లతో తగ్గించవచ్చు గాని, 30 మీటర్ల కంటే దగ్గరకు ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. కొలిచేది బంకు గోడ నుంచి కాదు. ట్యాంకరు దింపుకునే మూత, పెట్రోలు కొట్టే మిషను, గాలి గొట్టం, ఈ మూడింటిలో ఏది దగ్గరైతే దాని నుంచి.

మా సుబేదారుగారి స్థలం గోడకు, బడి గోడకు మధ్య 20 మీటర్లు కూడా లేదు. కాని ప్లానులో మూతను, మిషన్లను, గాలి గొట్టాన్ని స్థలం వెనక వైపుకు జరిపారు. అలా కొలిస్తే బడి 52 మీటర్లు వచ్చింది. నేనూ మా ఫీల్డ్ ఆఫీసరూ టేపు పట్టుకుని ఎండలో నిలబడి మరీ కొలిచాం. సరిపోయింది. నోటు రాశాను. ఆ నోటులో మేనేజ్‌మెంట్ పాఠాల్లో నేర్పే నాలుగు గడుల పట్టిక ఒకటి వేశాను, ఎవరికి ఎంత పలుకుబడి, ఎవరికి ఎంత ఆసక్తి అని. ఇరుగుపొరుగు వాళ్లను 'తెలియజేస్తే చాలు' అనే గడిలో పెట్టాను. మా పైఆఫీసరు ఆ పట్టిక చూసి మెచ్చుకున్నారు కూడా. లోను మంజూరైంది.

స్థలం చుట్టూ రేకులు కట్టగానే గొడవ మొదలైంది. బడి పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. ఎవరో బ్యానరు కట్టారు. బ్రాంచికి వచ్చిన గుంపుకు నేను ప్లాను పరిచి, 52 మీటర్లు చూపించి, నియమం చదివి వినిపించాను. వాళ్లు కాస్త తగ్గారు. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చారు. రిటైరైన పంతులమ్మగారు. "బాబూ, బడిని కొలిచారు, బాగుంది. మా ఇంటిని ఎవరు కొలిచారు?" అన్నారు.

ఎవరూ కొలవలేదు. బడికి దూరంగా అన్నీ వెనక్కి జరిపాం కదా, ఆ వెనక ఆవిడ పెరడు. సాయంత్రం నేనొక్కణ్ణే వెళ్లి టేపు పట్టాను. గాలి గొట్టం రావలసిన చోటుకూ ఆవిడ వంటింటి కిటికీకీ మధ్య 11 మీటర్లు. నియమం తప్పామా? లేదు. నియమంలో ఉన్నది స్థానిక చట్టాల ప్రకారం నివాస ప్రాంతంగా గుర్తించిన చోటు. ఆ వీధి పట్టణ ప్లానులో వాణిజ్య వీధి. ఆవిడ అక్కడ నలభై ఏళ్లుగా వంట చేసుకుంటున్నా సరే, కాగితం మీద అక్కడ ఇల్లు లేదు.

భయం సంగతి కూడా చెప్పుకోవాలి. మన వైపు వాళ్లకు ఈ భయం ఊరికే రాలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖలో రిఫైనరీ తగలబడినప్పుడు మనలో చాలామంది చుట్టాలు ఊరొదిలి పరుగెత్తారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ లీకైంది. ఆ ఫ్యాక్టరీ 1960లలో ఊరవతల మొదలైంది, తర్వాత ఊరే దాని దగ్గరకు వచ్చింది. కాని బంకు అంటే రిఫైనరీ కాదు. ట్యాంకులు భూమిలో ఉంటాయి, పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు లేకుండా చుక్క పెట్రోలు పోయడానికి లేదు. బంకు పేలుతుందేమోనన్న బెంగ కంటే, రోజూ వచ్చే ఆవిరి గురించి అడగడం మేలు. కుండలో పాలు పోస్తే లోపలి గాలి బయటికి పోతుంది కదా. 12 వేల లీటర్ల పెట్రోలు ట్యాంకులోకి దిగితే, దాదాపు అంతే ఆవిరి కలిసిన గాలి బయటికి రావాలి. ఆవిరిని మళ్లీ ట్యాంకరులోకే పట్టే ఏర్పాటు లేకపోతే అది గాలి గొట్టంలోంచి వస్తుంది. పెట్రోలు ఆవిరి మామూలు గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. అందులో బెంజీన్ ఉంటుంది. అది క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. అందుకే 2020 నియమాల్లో, ఎక్కువ అమ్మకం ఉండే కొత్త బంకులకు ఆవిరి పట్టే పరికరం తప్పనిసరి చేశారు.

మళ్లీ కథలోకి వస్తాను. నేను సుబేదారుగారిని పిలిపించి, మూతను, గొట్టాన్ని ముందు వైపుకు జరపగలరా అని అడిగాను. ముందుకు జరిపితే బడి 38 మీటర్లకు వచ్చేసింది. వెనక్కి నెడితే పంతులమ్మగారి వంటిల్లు, ముందుకు తెస్తే పిల్లల తరగతి గది. ఆ స్థలం కొలతే అంత. ఎటు తిప్పినా ఎవరో ఒకరికి దగ్గర. నిరభ్యంతర పత్రం ఇచ్చే అధికారుల దగ్గర రెండు వైపులవాళ్లూ చెప్పుకున్నారు. ఆఖరికి సుబేదారుగారే విసిగి ఆ స్థలం వదిలి, బైపాసు దగ్గర వేరే స్థలం చూపించారు. ఏడాదికి పైగా పట్టింది. లీజు అడ్వాన్సు, మట్టి తోలించిన ఖర్చు పోయాయి. బైపాసు మీద అమ్మకం అనుకున్నంత లేదు. మొదటి ఏడాది రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, సైన్యంలో పనిచేసిన మనిషి. ఒకసారి మాత్రం కౌంటరు దగ్గర అన్నారు: "సార్, ఆవిడ అడిగిన మాట మీరు మొదటి రోజే అడిగుంటే నాకు నాలుగు లక్షలు మిగిలేవి."

ఆ మాట నిజమే. నోటు రాసే ముందు వెనక గోడ అవతలికి తొంగిచూడటానికి నాకు పది నిమిషాలు పట్టేది.

ఇది మన దేశంలోనే జరిగే గొడవ కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన పెటలూమా అనే ఊరుంది. మన పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసే బే ఏరియాకు దగ్గరే. అక్కడ ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ ప్రాథమిక బడికి, పసిపిల్లల కేంద్రానికి ఎదురుగా బంకు పెడతానంది. చుట్టుపక్కల తల్లిదండ్రులు వద్దన్నారు. నగర ప్రణాళికా సంఘం ముందు వాదించారు, కౌన్సిలుకు అప్పీలు చేశారు, కోర్టుకు వెళ్లారు. ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2021 మార్చిలో ఆ ఊరి కౌన్సిలు ఇక కొత్త బంకులే వద్దని తీర్మానించింది, అమెరికాలో అలా చేసిన మొదటి ఊరు అదే. అరవై వేల జనాభాకు అప్పటికే 16 బంకులున్నాయి మరి. మనం అంతదూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం. మన స్కూటర్లకు ఇంకా చాలాకాలం పెట్రోలు కావాలి. అక్కడ నాకు నచ్చింది ఒక్కటే. పొరుగువాళ్లు మాట్లాడటానికి ఒక రోజు, ఒక గది, ఒక కుర్చీ కాగితంలోనే రాసి ఉన్నాయి. మన దగ్గర పొరుగువాడు రేకులు కట్టాక గాని మేలుకోడు. అప్పటికి ఒకరి డబ్బు అందులో దిగిపోయి ఉంటుంది. ఇక ఎవరు గెలిచినా ఒకరు మునగాల్సిందే.

సాక్చికి వద్దాం. 1902లో జంషెడ్జీ టాటా కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరం మీకు తెలిసిందే. వీధులు వెడల్పుగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలకు, గుడికి, మసీదుకు, చర్చికి ముందే చోటు వదలాలని రాశారు. అప్పటికి సాక్చి ఇంకా పల్లె. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు ప్లాన్లు వేశారు, 1940లలో కోనిగ్స్‌బర్గర్ దాకా. ఇంత ప్లాను వేసిన ఊళ్లో కూడా, గోల్‌చక్కర్ దాటి బజారులోకి వెళ్తే ఏం కనిపిస్తుంది? కింద దుకాణం, మీద ఇల్లు. బాల్కనీలో ఆరేసిన చీరలు. కాగితం మీద అది ఏ రంగులో ఉందో ముందు చూడాలి. మనం ఇల్లనుకునేది మ్యాపులో బజారు కావచ్చు.

అందుకని చెల్లెమ్మా, ముందు ఆ వార్త నిజమో కాదో తెలుసుకోండి. ఇక్కడ చాలా స్థలాలు టాటా లీజు కింద ఉన్నవి. ఆ స్థలం ఏ పనికి ఇచ్చారో లీజులోనే ఉంటుంది. బంకుకు నిరభ్యంతర పత్రం జిల్లా అధికారి ఇవ్వాలి, ఇక్కడ ఆయన్ని డీసీ అంటాం. దరఖాస్తు ఆయన ఆఫీసుకు చేరిందేమో అడగండి. చేరితే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాల్సింది అప్పుడే. బ్యానరుకు ఎవరూ జవాబివ్వరు. మీటర్లు రాసిన ఉత్తరాన్ని మాత్రం ఫైల్లో పెట్టక తప్పదు. మూత ఎక్కడ, గొట్టం ఎక్కడ, ఆవిరి పట్టే ఏర్పాటు ఉందా, ట్యాంకరు ఏ వేళకు వస్తుంది, బడి వదిలే వేళకా? ఈ ప్రశ్నలు రాయండి. ఇళ్లను కూడా కొలిచి రాయండి, మ్యాపులో ఏ రంగున్నా సరే. ఇంకొక మాట. ఆ బంకు పెడుతున్నది ఎవరో కనుక్కుని, వాళ్లతో కూడా ముందే ఒకసారి మాట్లాడండి. ఆయనా ఎవరో రిటైరైన మనిషే కావచ్చు, పీఎఫ్ డబ్బు పెడుతూ ఉండవచ్చు.

ఇంటి ధర గురించి మీవారికి నేను జవాబు చెప్పలేను. బంకు పక్క స్థలానికి దుకాణాలవాళ్లు ఎక్కువ ఇవ్వొచ్చు, కాపురం ఉండేవాళ్లు తక్కువ ఇవ్వొచ్చు. మీరు అమ్ముతారా, ఉంటారా అన్నది ఇంట్లో తేల్చుకోవలసిన విషయం. దాని మీద మా ఆవిడే నన్ను రెండేళ్లుగా తేల్చమంటోంది.

వచ్చేది రెండో శనివారం, మనకు సెలవు. పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే గోల్‌చక్కర్ దగ్గర ఉంటాను. ఆ పాత టేపు ఇంకా నా దగ్గరే ఉంది, 50 మీటర్లది. రెండో కొస పట్టుకోవడానికి మీవారిని కూడా తీసుకురండి.