పాయింట్లు, ఓచర్లు, ఇంటి వినోదం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. "ఫోనులో పాయింట్లు వచ్చాయంటున్నారు, ఓచర్లు ఇస్తామంటున్నారు. ఇందులో నిజమెంత, మోసమెంత? మీరు లెక్కల మనిషి గనుక నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ముప్ఫయి మూడేళ్లు ట్రెజరీలో కూర్చున్నవాణ్ణి, లెక్కలంటే కాదనలేను.

మా ఉద్యోగంలో ఓచరు అంటే డబ్బు చెల్లించిన తరువాత నెంబరు వేసి, నెలాఖరుకు లెక్కలతోపాటు ఏ.జి. ఆఫీసుకు పంపే కాగితం. డబ్బు పోయిందనడానికి అదే సాక్ష్యం. ఇప్పుడు మనవలు ఓచరు అంటే డబ్బు వచ్చిందని అర్థం. మాట ఒకటే గాని దారి ఎదురైంది. అందుకే ముందుగా ఈ కొత్త ఓచరు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం.

ఎక్కడి నుంచి వస్తాయి?

మన వయసువారికి ఇవి ముఖ్యంగా మూడు దారుల్లో వస్తాయి.

మొదటిది బ్యాంకు కార్డు. కార్డుతో సరుకులు కొన్నప్పుడు బ్యాంకు కొన్ని పాయింట్లు జమ చేస్తుంది. మనలో చాలామంది పెన్షన్ స్టేట్ బ్యాంకులో పడుతుంది గనుక ఆ లెక్కే చెబుతాను. వారి రివార్డ్స్ పథకంలో ఒక పాయింటు విలువ 25 పైసలు. అంటే నాలుగు పాయింట్లు కలిస్తే ఒక రూపాయి. మిగతా బ్యాంకుల లెక్కలు వేరుగా ఉంటాయి.

రెండవది ఫోను ద్వారా చెల్లింపులు చేసే యాప్‌లు. 2017 సెప్టెంబరులో తేజ్ అనే పేరుతో వచ్చి, తరువాత గూగుల్ పే అయిన యాప్‌లో గీకి చూసే కార్డులు వస్తాయి. కొన్నిటిలో రెండు మూడు రూపాయలు ఉంటాయి. చాలావాటిలో ఫలానా దుకాణంలో వెయ్యి రూపాయల వస్తువు కొంటే నూరు తగ్గిస్తామనే కూపను ఉంటుంది. ఆ వస్తువు మనకు అవసరం లేనప్పుడు ఆ నూరు లాభం కాదు, మిగిలిన తొమ్మిది వందలు ఖర్చు.

మూడవది ప్రశ్నలకు జవాబులిచ్చి సంపాదించేది. గూగుల్ వారి ఒపీనియన్ రివార్డ్స్ అనే యాప్ ఇందుకు మంచి ఉదాహరణ. అప్పుడప్పుడు రెండు మూడు చిన్న ప్రశ్నలు వస్తాయి. ఈ మధ్య ఫలానా దుకాణానికి వెళ్లారా, ఏ పద్ధతిలో డబ్బు చెల్లించారు, ఇటువంటివి. జవాబిస్తే కొద్దిపాటి సొమ్ము ప్లే స్టోరు ఖాతాలో జమ అవుతుంది. ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవారికి ఆ సొమ్ము చేతికి రాదు. అదే స్టోరులో పుస్తకాలకో యాప్‌లకో వాడుకోవాలి. ఏడాదిలోగా వాడకపోతే గడువు తీరిపోతుంది. మనం ఎక్కడ తిరిగామో, ఏం కొన్నామో చెప్పినందుకు ఇచ్చే సొమ్ము అది. చెప్పడం ఇష్టం లేనివారు ఆ జోలికి పోనక్కరలేదు.

ఒకసారి లెక్క వేద్దాం

నెలకు 8,000 రూపాయల సరుకులు, మందులు కార్డు మీద కొన్నామనుకోండి. నూరు రూపాయలకు ఒక పాయింటు చొప్పున వస్తుందనుకుంటే నెలకు 80 పాయింట్లు, అంటే 20 రూపాయలు. ఏడాదికి 240 రూపాయలు. ఇంతే. దీనితో మేడలు కట్టలేం. కాని 240 రూపాయలు మనవే. వదులుకోనూ అక్కరలేదు.

ఈ లెక్క ఎందుకు వేశానో ముందు ముందు తెలుస్తుంది. దయచేసి గుర్తుంచుకోండి.

పాయింట్లను ఓచరుగా మార్చుకున్న తరువాత చూడవలసినవి రెండున్నాయి. ఒకటి గడువు. రెండవది ఎక్కడ చెల్లుతుందనేది. బహుమతి కార్డుల విషయంలో రిజర్వు బ్యాంకు 2021లో ఇచ్చిన ఉత్తర్వుల్లో ఒక్కొక్క కార్డు విలువ 10,000 రూపాయలకు మించకూడదని, దానిని తిరిగి నగదుగా మార్చకూడదని ఉంది. కనుక "మీ ఓచరును నగదు చేసి ఖాతాలో వేస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి. నేనైతే ఒక నోటు పుస్తకంలో వచ్చిన తేదీ, మొత్తం, గడువు తేదీ రాసి పెట్టుకుంటాను. పాత అలవాటు, పోదు.

ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

ఈ చిన్న మొత్తాలను బియ్యం, పప్పుల్లో కలిపేస్తే ఎటు పోయాయో తెలియదు. ఇంటిల్లిపాదికీ సాయంత్రం పూట కాస్త కాలక్షేపం కలిగించే వస్తువు మీద పెడితే సంతోషం మిగులుతుంది.

మా ఇంటి సంగతి చెబుతాను. మా ఆవిడకు నాలుగేళ్లుగా వినికిడి తగ్గింది. టి.వి. గట్టిగా పెడితే లోపలి గదిలో పిల్లల చదువు సాగదు. తగ్గిస్తే ఆమెకు వినబడదు. ఎవరూ ఏమీ అనలేదు గాని ఆమె మెల్లగా టి.వి. ముందు కూర్చోవడమే మానేసింది. "నాకు ఆసక్తి లేదండీ" అనేది. ఆసక్తి లేక కాదని నాకు తెలుసు. రెండేళ్ల పాయింట్లు కలిపితే 480 రూపాయల ఓచరు వచ్చింది. దానికి 770 రూపాయలు చేతి డబ్బు వేసి, తీగ లేకుండా పనిచేసే హెడ్‌ఫోను తెప్పించాను. ఇప్పుడు ఆమె సీరియలు ఆమెది, పిల్లల చదువు పిల్లలది. మొన్న శంకరాభరణం చూస్తూ సగంలో నన్ను పిలిచి, "ఏమండీ, ఈ తంబురా శ్రుతి నాకు ఇన్నాళ్లూ వినపడనే లేదు" అంది. 1980లో, నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, మేమిద్దరం హాలులో చూసిన సినిమా అది.

మీరు కూడా తెప్పించుకోదలిస్తే మీ టి.వి.లో బ్లూటూత్ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే తీగ ఉన్న హెడ్‌ఫోను తీసుకోవచ్చు. పాత పాటలు ఇష్టమైనవారికి, ముందే పాటలు నింపి రేడియో ఆకారంలో అమ్మే సారెగామా వారి కారవాన్ పెట్టె 2017 నుంచి దొరుకుతోంది. తెలుగు పాటలతో కూడా ఉంది. ఫోను మీటలతో కుస్తీ పట్టలేనివారికి అది సుఖం.

కొనేముందు ఉచితంగా దొరికేదేమిటో కూడా తెలుసుకోండి. దూరదర్శన్ వారి డి.డి. ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు. పెట్టె, గొడుగు ఒకసారి కొనుక్కుంటే చాలు. ప్రసార భారతి 2024 నవంబరులో గోవా చలనచిత్రోత్సవంలో వేవ్స్ అనే యాప్‌ను ప్రారంభించింది. అందులో దూరదర్శన్ పాత కార్యక్రమాలు ఉన్నాయి. ఆకాశవాణి కేంద్రాలను న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో వినవచ్చు.

ఇక ఆహా వంటి చందా యాప్‌లు. ఓచరుతో చందా కట్టేటప్పుడు "మొదటి నెల ఉచితం, ఆ తరువాత ఆటోపే" అనే షరతు ఉందేమో చదవండి. ఉంటే వచ్చే నెల నుంచి ఖాతాలో డబ్బు దానంతట అదే కట్ అవుతుంది. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, అలా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు తెలియజేయాలి. ఆ మెసేజి వచ్చినప్పుడు చదవకుండా తుడిచివేయకండి. వద్దనుకుంటే అప్పుడే ఆపవచ్చు.

అసలు ప్రమాదం

ఇప్పటిదాకా చెప్పింది ఇరవై రూపాయల సంగతి. ఇక లక్షల సంగతి.

మన సభ్యుల్లో ఒకరికి ఒక సాయంత్రం వాట్సాప్‌లో మెసేజి వచ్చింది. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. "మీ ఖాతాలో 9,000 రూపాయల విలువగల రివార్డు పాయింట్లు ఉన్నాయి. ఈ రాత్రితో గడువు ముగుస్తుంది. ఈ క్రింది యాప్ వేసుకుంటే నగదు జమ అవుతుంది" అని ఉంది. పైన బ్యాంకు గుర్తు కూడా ఉంది. ఆయన ఆ ఫైలును నొక్కారు. కార్డు నెంబరు అడిగితే ఇచ్చారు. ఆ యాప్ ఫోనుకు వచ్చే మెసేజిలన్నీ అవతలివాడికి చేరవేసింది. ఓ.టి.పి. ఈయన ఎవరికీ చెప్పలేదు, చెప్పే అవసరమే లేకపోయింది. అరగంటలో మూడు నెలల పెన్షన్ పోయింది.

ఇప్పుడు ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి. పాయింటుకు 25 పైసల చొప్పున 9,000 రూపాయలు రావాలంటే 36,000 పాయింట్లు కావాలి. నూరు రూపాయలకు ఒక పాయింటు అనుకుంటే, అందుకు 36 లక్షల రూపాయల సరుకులు కొని ఉండాలి. మన పెన్షన్లతో 36 లక్షల కొనుగోళ్లు ఎవరు చేశారు? లెక్క వేస్తే మోసం అక్కడే బయటపడుతుంది. కాని అవతలివాడు మనల్ని లెక్క వేయనివ్వడు. "ఈ రాత్రికే" అంటాడు. తొందర పెట్టడమే వాడి పనిముట్టు.

ఇటువంటి మెసేజిలు స్టేట్ బ్యాంకు పేరుతో విపరీతంగా తిరుగుతున్నాయని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం వారు 2024లో హెచ్చరించారు. రివార్డు పాయింట్ల కోసం ఎస్.ఎం.ఎస్. ద్వారా గాని, వాట్సాప్ ద్వారా గాని లింకులు, ఏ.పి.కె. ఫైళ్లు తాము ఎన్నడూ పంపమని బ్యాంకు కూడా చెప్పింది. ఏ.పి.కె. అంటే ప్లే స్టోరుతో సంబంధం లేకుండా నేరుగా ఫోనులోకి ఎక్కించే యాప్ ఫైలు. పేరు చివర ఆ మూడు అక్షరాలు కనబడితే ముట్టుకోవద్దు.

ఇంకొక రకం ఉంది. "ఇంట్లో కూర్చుని సంపాదించండి, వీడియోలకు లైకు కొట్టండి, రేటింగులు ఇవ్వండి" అంటారు. మొదట నిజంగానే కొంత సొమ్ము వేస్తారు. నమ్మకం కుదిరాక ఇంకా పెద్ద కమీషను కోసం మన డబ్బు కట్టమంటారు. కట్టింది తిరిగి రాదు. 2023 డిసెంబరులో కేంద్ర హోం శాఖ ఇటువంటి వెబ్‌సైట్లను నూరుకు పైగా మూయించింది. వీరు ఎవరిని లక్ష్యం చేసుకున్నారో ఆ ప్రకటనలోనే రాశారు: రిటైరైన ఉద్యోగులు, మహిళలు, నిరుద్యోగ యువకులు. మన పేరు మొదటే ఉంది.

కనుక ఒక్క సూత్రం పెట్టుకుందాం. మనకు రావలసినది తీసుకోవడానికి మనం ఏమీ ఇవ్వనక్కరలేదు. డబ్బు రావడానికి యు.పి.ఐ. పిన్ను కొట్టే పని లేదు. సర్వే చేయడానికి ప్రవేశ రుసుము ఉండదు. పాయింట్లు నిజంగా ఉంటే బ్యాంకు వారి సొంత వెబ్‌సైటులోనో యాప్‌లోనో మనమే వెళ్లి చూసుకోవచ్చు. సందేహం వస్తే కార్డు వెనుక అచ్చువేసిన నెంబరుకు ఫోను చేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నెంబర్లను నమ్మవద్దు.

జరిగిపోతే?

మన మిత్రుడు పోగొట్టుకున్న సొమ్ముకంటె నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది. ఆయన రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కొడుకు ఏమంటాడో, కోడలు ఏమనుకుంటుందో, "ఇంత చదువుకుని ఇలా చేశారేమిటి నాన్నా" అంటారేమోనని భోజనం కూడా చేయకుండా కూర్చున్నారు. ఆ రెండు రోజుల్లో ఆ డబ్బు చేతులు మారిపోయింది.

అయ్యా, అమ్మా, తప్పు మోసం చేసినవాడిది. వెంటనే 1930కి ఫోను చేయండి. 2021లో ఏర్పాటు చేసిన విధానం ప్రకారం ఫిర్యాదు త్వరగా అందితే ఆ డబ్బు చేరిన ఖాతాను బ్యాంకుల ద్వారా స్తంభింపజేసే ప్రయత్నం చేస్తారు. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అనే పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. బ్యాంకుకు చెప్పి కార్డును ఆపించండి, ఫిర్యాదు నెంబరు రాసుకోండి. ఇక్కడ గంటల లెక్క కాదు, నిమిషాల లెక్క.

ఈ సంచిక ఇంటికి వెళ్లినప్పుడు చదివే పిల్లలకు కూడా ఒక మనవి. మీ అమ్మగారో నాన్నగారో ఇటువంటి సంగతి చెబితే ముందు ఫోను తీసి 1930 నొక్కండి. మందలింపు తరువాత చూసుకోవచ్చు. మందలిస్తారనే భయమే వారి నోరు కట్టేస్తోంది. ఒంటరిగా ఉంటున్న ఫ్యామిలీ పెన్షనర్ల దగ్గరికి నెలకొకసారి వెళ్లి, ఫోనులో తెలియని యాప్‌లేమైనా ఉన్నాయేమో చూసి రావడానికి మన సంఘం తరఫున ఇద్దరిని నియమించాలని అధ్యక్షులవారికి ప్రతిపాదిస్తున్నాను.

సభ అయిన తరువాత ప్రక్క గదిలో నేనూ, మరో ఇద్దరు మిత్రులూ ఒక గంట కూర్చుంటాం. మీ పాయింట్లు ఎన్ని ఉన్నాయో ఎక్కడ చూడాలో, ఆటోపే ఎలా ఆపాలో చూపిస్తాం. ఫోను మీ చేతిలోనే ఉంటుంది, నొక్కేది మీరే. మీ పిన్ను మాత్రం మాకు కూడా చెప్పకండి.