ప్రభుత్వ సంస్థ ప్రభుత్వమేనా?

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



లింగియాడీహ్‌లో కాపురముండు తెలుగు కుటుంబములకు ప్రభుత్వోద్యోగమన్నది పుస్తకములలోని మాట కాదు. బిలాస్‌పూరున ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమును, సౌత్ ఈస్టరన్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమును కలవు. మొదటిది ప్రభుత్వ శాఖ, రెండవది కంపెనీ. జీతము తెచ్చు ఇంట ఈ భేదము కానరాదు గాని, అంతర్జాతీయ వాణిజ్య న్యాయమున దీనిపై సుంకములే ఆధారపడియున్నవి.

1958లో స్థాపితమై, హైదరాబాదు కేంద్రముగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఈ రాష్ట్రమందలి బైలాడిలా కొండలలో ఇనుప ఖనిజము త్రవ్వుచున్నది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున ఆ ఖనిజము విశాఖకు దిగును. ఈ సంస్థ మన ఉక్కు కర్మాగారములకు ఖనిజమును చౌకగా అమ్మెననియు, అది ప్రభుత్వ సహాయమే యనియు అమెరికా నిర్ణయించి, భారతీయ ఉక్కుపై ప్రతిసుంకము విధించెను. నాడు వాటాలలో నూటికి 98 వంతులు ప్రభుత్వమువై యుండెను. డైరెక్టర్ల నియామకమునను ప్రభుత్వము చేయి కలదు. ఇదియే వారి వాదము.

2012లో భారతదేశము ప్రపంచ వాణిజ్య సంస్థ నాశ్రయించెను. 2014 జూలైలో విచారణ సంఘము ఈ అంశమున అమెరికానే సమర్థించెను. డిసెంబరులో అప్పీలు సంఘము ఆ నిర్ణయమును త్రోసిపుచ్చెను. వాటాలు ప్రభుత్వమువైనంత మాత్రమున చాలదు. ప్రభుత్వాధికారము ఆ సంస్థకు సంక్రమించెనా, దానిని చెలాయించుచున్నదా యని చూడవలెనని తీర్పు సారాంశము. కొడుకు దుకాణమునకు తండ్రి పెట్టుబడి పెట్టినంతనే, కొడుకు అమ్మిన బియ్యమెల్ల తండ్రి దానమగునా?

ఎదుటి వాదమునను బలము లేకపోలేదు. కంపెనీ ముసుగున ప్రభుత్వమే సహాయము చేసినచో, సొంత సొమ్ముతో పోటీపడు పరదేశి నష్టపోవును. వర్తకమంతయు గుత్తకు గొని, ధరలన్నియు ప్రభుత్వమే నిర్ణయించు దేశమున స్వదేశపు ధరతో పోల్చుట కష్టమని గాట్ ఒడంబడిక వివరణయే అంగీకరించినది. 2001లో చైనా చేరినపుడు దీనికై ప్రత్యేక నిబంధనలు వ్రాసికొనిరి. భారతదేశమట్టిది కాదు, ఇచట పరీక్ష దేశమంతటికి గాక, ఒక్కొక్క సంస్థకు జరుగును.

తీర్పు అమలుపై వివాదము మరల లేచెను. 2019 డిసెంబరున అప్పీలు సంఘమే సభ్యుల కొరతచే స్తంభించెను. తుదకు 2023లో ఉభయ దేశములు పరస్పర అంగీకారముతో ఈ వ్యాజ్యమును ముగించుకొనెను.

న్యాయస్థానము మూతపడినను ప్రశ్న మూతపడలేదు. సంస్థ వర్తకుని వలె నడచినదా, ఏలిక వలె నడచినదా యన్నది తేల్చునది దాని నడవడియే. ఆ నడవడికి సాక్ష్యము ఫైలు. ధర ఎందుకు తగ్గించిరో, ఎందుకు పెంచిరో కారణము వ్రాసియుంచు గుమాస్తా నోటు ఒకనాడు సముద్రము దాటి దేశము పక్షమున మాటలాడవచ్చును.